అభిప్రాయం: ఇంటి సర్వర్‌కి ముందు కొనాల్సింది రెండో డిస్క్

గూగుల్ ఫోటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. 15 జీబీ దాటితే డబ్బు కట్టాల్సిందే. అప్పటి నుంచి మన టెక్ ప్రియుల్లో ఒక కొత్త సరదా మొదలైంది. పాత డెస్క్‌టాప్‌నో, మూలన పడ్డ ల్యాప్‌టాప్‌నో, రాస్ప్‌బెర్రీ పైనో తీసుకుని, దాంట్లో లినక్స్ వేసి, ఇమ్మిచ్ లేదా నెక్స్ట్‌క్లౌడ్ ఇన్‌స్టాల్ చేసి, సొంత ఫోటో సర్వర్ పెట్టేస్తున్నారు. కాస్త డబ్బున్నవాళ్లు రెండు బేలు, నాలుగు బేలు ఉన్న నాస్ బాక్స్ కొంటున్నారు. దాని లోపల నడిచేది కూడా ఎక్కువగా లినక్సే.

ఇది మంచి సరదానే. నేను వద్దనట్లేదు. కానీ ఈ సెటప్‌ల గురించి వచ్చే వీడియోల్లో, రివ్యూల్లో ఒక విషయం దాదాపుగా కనిపించదు. స్పీడ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి, 4కే వీడియో ఆగకుండా ప్లే అవుతుందా లేదా, ఇవన్నీ చెబుతారు. లోపల ఉన్న డిస్క్ చచ్చిన రోజు ఏం చేయాలో మాత్రం చెప్పరు. ఆ రోజు వస్తుందా రాదా అనే డౌట్ అక్కర్లేదు. వస్తుంది. ఎప్పుడన్నదే ప్రశ్న.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. రెండో కాపీ లేని సర్వర్ ఇంకా పూర్తికాని సర్వర్. డిస్కుల కోసం మీరు పక్కన పెట్టిన డబ్బులో సగం బ్యాకప్ డిస్క్‌కే పోవాలి. ఆ బ్యాకప్ నుంచి ఒక్కసారైనా ఫైళ్లు వెనక్కి తెచ్చి చూడకపోతే మీకు బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు. ఇవి చేసే ఓపిక లేకపోతే నెలకి కొంత కట్టి క్లౌడ్‌లోనే ఉండటం నయం. ఎందుకంటే ఇక్కడ పోయేది సినిమా ఫైల్ కాదు. పాప మొదటి అడుగుల వీడియో, ఇప్పుడు మన మధ్య లేని తాతయ్య గొంతు, చెల్లి పెళ్లి ఆల్బమ్. ఇవి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునేవి కావు.

డిస్క్ ముందే చెబుతుందా?

కొంతవరకు చెబుతుంది. ప్రతి డిస్క్‌లోనూ స్మార్ట్ అనే సెల్ఫ్ చెకింగ్ వ్యవస్థ ఉంటుంది. లినక్స్ అయినా ఫ్రీబీఎస్‌డీ అయినా స్మార్ట్‌మోన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుంటే, స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ లెక్కలన్నీ చూడొచ్చు. అయితే పైన కనిపించే "పాస్డ్" అనే మాట చూసి మురిసిపోకండి. ఆఖరి క్షణం వరకు "పాస్డ్" అంటూనే ఉండి పోయే డిస్కులు ఉంటాయి. కింద ఉన్న టేబుల్ చూడాలి.

వేల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ కంపెనీ ముఖ్యంగా ఐదు నంబర్లు చూస్తుంది: 5, 187, 188, 197, 198. వీటిలో 5 అంటే డిస్క్ ఇప్పటికే పక్కన పెట్టేసిన పాడైన సెక్టార్లు. 197 అంటే చదవడానికి ఇబ్బంది పడుతున్న, ఇంకా తేలని సెక్టార్లు. 198 అంటే సొంతంగా స్కాన్ చేసుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి. 187 అంటే సరిచేయలేకపోయిన ఎర్రర్లు. 188 అంటే టైమ్ అయిపోయి ఆగిన కమాండ్లు. ఈ ఐదింటిలో ఏదైనా సున్నా దాటి, వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌ని నమ్మడం ఆపేయాలి. 199 పెరిగితే మాత్రం కంగారు పడకండి, అది చాలాసార్లు సాటా కేబుల్ సమస్య. కొత్త కేబుల్ వేసి చూడండి. డిస్క్ యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో ఉంటే ఈ వివరాలు నేరుగా రాకపోవచ్చు, కమాండ్‌లో డివైస్ రకాన్ని "సాట్" అని చెప్పాల్సి వస్తుంది.

2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పేపర్ ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో ఫెయిల్ అయ్యే అవకాశం, ఎర్రర్ లేని డిస్క్‌తో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేల్చారు. కాబట్టి "ఒక్క ఎర్రరే కదా, చూద్దాంలే" అనడానికి వీల్లేదు. అదే పేపర్‌లో ఇంకో చేదు నిజం ఉంది. ఫెయిలైన డిస్కుల్లో 36 శాతానికి పైగా వాటికి స్మార్ట్ నుంచి ఏ హెచ్చరికా రాలేదు. బ్యాక్‌బ్లేజ్ 2016లో చెప్పిన లెక్క కూడా ఇలాంటిదే. పైన చెప్పిన ఐదు నంబర్లలో ఏ ఒక్కటీ కదలకుండానే పోయిన డిస్కులు దాదాపు 23 శాతం.

అంటే స్మార్ట్ పొగలాంటిది. పొగ కనబడితే మంట ఉన్నట్టే. పొగ లేదు కదా అని మంట లేదనుకోకూడదు.

ఎస్‌ఎస్‌డీల విషయంలో ఇది ఇంకా కష్టం. హార్డ్ డిస్క్ కనీసం మూలుగుతుంది, స్లో అవుతుంది, టక్ టక్ మంటుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు రాత్రి బాగానే ఉండి పొద్దున్నే బయోస్‌లో కూడా కనిపించదు. ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్ అయితే "పర్సెంటేజ్ యూజ్డ్", "అవైలబుల్ స్పేర్", "మీడియా ఎర్రర్స్" అనే మూడు లైన్లు చూస్తూ ఉండండి. రాస్ప్‌బెర్రీ పైలో ఎస్‌డీ కార్డ్ మీదే డేటా పెట్టేవాళ్లకి ఒక్కటే మాట: అది బూట్ అవ్వడానికి సరే, కుటుంబం ఫోటోలు దాచే చోటు కాదు.

మొదటి గంటలో చేసే పని అన్నిటికన్నా ముఖ్యం

సర్వర్‌లో డిస్క్ పోతున్నప్పుడు లక్షణాలు ఇలా ఉంటాయి. ఫోల్డర్ ఓపెన్ చేస్తే నిమిషం పాటు ఏమీ కదలదు. డీమెసేజ్ లాగ్‌లో "ఐ/ఓ ఎర్రర్" లైన్లు వరుసగా వస్తాయి. ఉన్నట్టుండి ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీ అయిపోతుంది, కొత్త ఫోటో అప్‌లోడ్ అవ్వదు. ఈ సమయంలో మనవాళ్లు చేసే మొదటి పని రీస్టార్ట్. రెండో పని ఎఫ్‌ఎస్‌సీకే. రెండూ తప్పే.

ఎఫ్‌ఎస్‌సీకే ఫైల్ సిస్టమ్‌ని రిపేర్ చేసే టూల్. దాని కింద ఉన్న డిస్క్ బాగుందనుకుని అది పని చేస్తుంది. డిస్కే చెడిపోతున్నప్పుడు అది చదవలేని చోట్లని లేనివిగా లెక్కేసి, కొత్తగా రాతలు రాసేస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. లాంగ్ టెస్ట్ పెట్టడం, బ్యాడ్‌బ్లాక్స్ నడపడం కూడా అప్పుడు చేసే పనులు కావు. చచ్చిపోతున్న డిస్క్‌కి మిగిలింది కొన్ని గంటల ఆయుష్షు అనుకోండి. ఆ గంటలు కాపీకే ఖర్చవ్వాలి, పరీక్షలకి కాదు.

మరి ఏం చేయాలి?

ఒకటి, ఆటోమేటిక్‌గా నడిచే బ్యాకప్ జాబ్‌ని ఆపండి. ఇది వినడానికి వింతగా ఉంటుంది, కారణం చెబుతాను. చాలామంది బ్యాకప్ అంటే క్రాన్‌లో పెట్టిన ఆర్‌సింక్ కమాండ్, దాంట్లో "డిలీట్" ఆప్షన్. అంటే సోర్స్‌లో లేని ఫైల్‌ని బ్యాకప్‌లో కూడా తీసేయమని. చదివేటప్పుడు ఎర్రర్ వస్తే ఆర్‌సింక్ తెలివిగా ఆ డిలీట్ ఆపేస్తుంది. కానీ రీస్టార్ట్ తర్వాత డిస్క్ మౌంటే అవ్వకపోతే? ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది, ఏ ఎర్రరూ ఉండదు. "ఓహో, అన్నీ తీసేశారన్నమాట" అనుకుని ఆర్‌సింక్ బ్యాకప్ మొత్తాన్ని శుభ్రంగా తుడిచేస్తుంది. అసలు డిస్క్ పోయిన రోజే బ్యాకప్ కూడా పోవడం అంటే ఇదే. అందుకే స్క్రిప్ట్‌లో ముందు డిస్క్ మౌంట్ అయిందో లేదో చూసే లైన్ తప్పనిసరి. బ్యాకప్ డిస్క్ వైపు కూడా అదే చెక్ ఉండాలి. లేకపోతే యూఎస్‌బీ డిస్క్ ఊడిపోయినా కాపీలన్నీ సిస్టమ్ డిస్క్ మీదే పడి, అది నిండిపోయి సర్వర్ ఆగిపోతుంది.

రెండు, డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయకండి. డేటాబేస్, ఫోటో యాప్, టోరెంట్ అన్నీ ఆపి, వీలైతే రీడ్ ఓన్లీగా మౌంట్ చేయండి. వేరే ఎక్కడా కాపీ లేని ఫోల్డర్‌ని ముందు బయటికి తీయండి.

మూడు, మిగతా డిస్క్ మొత్తాన్ని జీఎన్‌యూ డీడీరెస్క్యూతో ఇంకో డిస్క్‌కి ఇమేజ్ తీయండి. డెబియన్, ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. ఇది ముందు తేలిగ్గా చదవగలిగిన భాగమంతా లాగేసి, మొండికేసే చోట్లకి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంట్ పోయినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. మ్యాప్ ఫైల్ ఇవ్వడం మాత్రం మర్చిపోకూడదు. ఎఫ్‌ఎస్‌సీకే అయినా, రికవరీ టూల్స్ అయినా ఆ కాపీ మీద నడపండి. ఒరిజినల్‌ని ముట్టుకోకండి.

నాలుగు, డిస్క్ టక్ టక్ మంటుంటే పైవేవీ వద్దు. వెంటనే పవర్ తీసేయండి. లోపల హెడ్ ప్లేట్‌ని గీరుతుండొచ్చు. డేటా విలువైనదైతే క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కి తీసుకెళ్లడమే దారి. డిస్క్‌ని ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందనే పాత చిట్కా జోలికి వెళ్లకండి, తేమ చేరి ఉన్నదీ పోతుంది.

ఇంకో చిన్న మాట. ఒకేలా కనిపించే నాలుగు డిస్కుల్లో చెడిపోయింది ఏదో ఎలా తెలుస్తుంది? లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు రీస్టార్ట్ తర్వాత మారిపోవచ్చు. వాటిని నమ్మి చెడ్డది ఉంచేసి మంచి డిస్క్ లాగేస్తే అంతే సంగతులు. డిస్క్ కొన్న రోజే సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు ఒక స్టిక్కర్ మీద రాసి, బే ముందు అంటించండి. రూపాయి ఖర్చు లేని ఇన్సూరెన్స్ ఇది.

"నాకు రెయిడ్ ఉంది కదా"

ఈ మాట వినగానే నాకు భయం వేస్తుంది. రెయిడ్ 1లో ఒకే డేటా రెండు డిస్కుల మీద ఉంటుంది, ఒకటి పోయినా సర్వర్ ఆగదు. దాని పని అంతవరకే. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే సెకనులో పోతుంది. వైరస్ వచ్చి లాక్ చేసినా అంతే. 2021 జూన్‌లో వెస్ట్రన్ డిజిటల్ మై బుక్ లైవ్ వాడేవాళ్లు పొద్దున్నే లేచి చూస్తే బాక్స్ మొత్తం ఖాళీ. 2015 తర్వాత అప్‌డేట్ లేని ఆ పాత బాక్స్‌ల్లో ఉన్న లోపాల్ని వాడుకుని, ఎవరో ఇంటర్నెట్ నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ క్యూనాప్ నాస్‌ల మీద పడింది. డిస్కులు రెండున్నా నాలుగున్నా దానికి తేడా లేదు.

డిస్కులన్నీ ఒకే రోజు పోవడం కూడా కథ కాదు. 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ తన కొన్ని ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటల దగ్గర, డ్రైవ్ చచ్చిపోతుంది, డేటా తిరిగి రాదు అని. ఒకే రోజు ఆన్ చేసిన డ్రైవ్‌లు ఒకేసారి ఆ గంట దాటుతాయి కదా. అప్పుడు ఏ రెయిడ్ కాపాడుతుంది? అందుకే రెండు డిస్కులు కొంటే ఒకే షాపులో ఒకే బ్యాచ్‌వి కొనకండి. సికింద్రాబాద్ సీటీసీలో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి తీసుకున్నా, లేదా కంపెనీ మార్చినా మంచిదే.

ఇంకో తలనొప్పి రీబిల్డ్. ఒక డిస్క్ పోయి కొత్తది పెట్టినప్పుడు మిగిలిన డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. దాంట్లో ఎప్పటి నుంచో ఎవరూ చూడని ఒక చెడ్డ సెక్టార్ ఉంటే అప్పుడే బయటపడుతుంది. అందుకే నెలకోసారి స్క్రబ్ నడపాలి. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే చెక్‌సమ్‌తో పోల్చి, మంచి కాపీ ఉంటే సరిచేస్తాయి కూడా. డెస్క్‌టాప్ డిస్కుల్లో ఇంకో చిక్కు ఉంది. చెడ్డ సెక్టార్ దగ్గర అవి నిమిషాల తరబడి ప్రయత్నిస్తూ ఉండిపోతాయి, లినక్స్ కెర్నల్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత డిస్క్ మొత్తం పోయిందనుకుని రెయిడ్‌లోంచి బయటికి నెట్టేసే పరిస్థితి వస్తుంది. నాస్ డిస్కులు ఏడు సెకన్లలోపే "చదవలేను" అని చెప్పేస్తాయి. ఎక్కువ ధర పెట్టేది ఇందుకే.

అయితే డబ్బా మీద నాస్ అని రాసి ఉంటే సరిపోతుందా? 2020లో వెస్ట్రన్ డిజిటల్ రెడ్ సిరీస్‌లో 2 నుంచి 6 టీబీ మోడళ్లలో కొన్ని ఎస్‌ఎమ్‌ఆర్ టెక్నాలజీవని, ఆ విషయం కంపెనీ స్పెక్స్‌లో చెప్పలేదని బయటపడింది. మామూలు కాపీల్లో తేడా తెలియదు, జెడ్‌ఎఫ్‌ఎస్ రీబిల్డ్ మొదలుపెడితే నత్తనడక. గొడవ పెద్దదయ్యాక కంపెనీలు మోడల్ వారీగా వివరాలు పెట్టాయి. కొనే ముందు సీఎమ్‌ఆర్ అవునో కాదో మోడల్ నంబర్‌తో చూసుకోండి.

బ్యాకప్ ఉంది, కానీ...

పెద్ద కంపెనీలు ఇలాంటివి పడవు అనుకుంటే గిట్‌ల్యాబ్ కథ వినాల్సిందే. 2017 జనవరి 31 రాత్రి, డేటాబేస్ రెప్లికేషన్ సమస్యతో కుస్తీ పడుతున్న ఒక ఇంజనీర్, రెండో సర్వర్‌లో ఉన్నాననుకుని మెయిన్ సర్వర్‌లో డేటా ఫోల్డర్‌ని డిలీట్ కొట్టాడు. క్షణాల్లో తేరుకుని ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

సరే, బ్యాకప్ నుంచి తెచ్చుకుందాం అని చూస్తే అసలు కథ మొదలైంది. రోజూ తీయాల్సిన డేటాబేస్ డంప్‌లు క్లౌడ్‌లో లేనే లేవు. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే డంప్ టూల్ 9.2ది నడుస్తోంది, ప్రతిసారీ ఎర్రర్‌తో ఆగిపోతోంది. ఆ ఎర్రర్ గురించి రావాల్సిన ఈమెయిల్స్‌ని మెయిల్ సెట్టింగ్స్ సరిగా లేక సర్వర్ తిరస్కరిస్తోంది. కాబట్టి ఎవరికీ తెలియదు. డేటాబేస్ సర్వర్లకి క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్‌లు ఆన్ చేయనే లేదు. చివరికి కాపాడింది ఏంటంటే, దాదాపు ఆరు గంటల ముందు టెస్టింగ్ పని కోసం ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్. మధ్యలో వచ్చిన డేటా పోయింది. గిట్‌ల్యాబ్‌ని మెచ్చుకోవాల్సింది ఒక్కటి, ఇదంతా దాచకుండా రికవరీని లైవ్‌లో చూపించి, రిపోర్ట్ కూడా బయటపెట్టింది.

ఇందులో మనకి పనికొచ్చే పాఠం అలర్ట్ గురించి. "ఫెయిలైతే మెయిల్ పంపు" అనే పద్ధతి నమ్మదగింది కాదు. మెయిలే ఫెయిలైతే? దాన్ని తిరగేయండి. బ్యాకప్ పూర్తయ్యాక మాత్రమే మీ ఫోన్‌కి టెలిగ్రామ్ మెసేజ్ రావాలి, ఎన్ని ఫైళ్లు, ఎన్ని జీబీ అనే లెక్కతో. రెండు రోజులు మెసేజ్ రాకపోతే ఏదో తేడా ఉన్నట్టే. రోజూ 2 జీబీ అనే చోట ఒకరోజు సున్నా వచ్చినా, ఒక్కసారిగా 400 జీబీ వచ్చినా తేడా ఉన్నట్టే.

కాపీలన్నీ ఒకే చోట ఉండటం ఇంకో పొరపాటు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ తగలబడింది. సర్వర్, బ్యాకప్ రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్లకి రెండూ పోయాయి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజియోన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు రేగాయి. ప్రభుత్వ ఉద్యోగులు పని ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్‌లో 858 టీబీ బూడిదైంది. సైజ్ ఎక్కువని బయట కాపీ ఉంచలేదు. దేశ ప్రభుత్వానికే ఇలా అయితే, టీవీ స్టాండ్ కింద పక్కపక్కనే పెట్టిన మన సర్వర్, మన బ్యాకప్ డిస్క్ సంగతేంటి? ఒక్క దొంగ, ఒక్క షార్ట్ సర్క్యూట్, ఒక్క పిడుగు చాలు.

నేను చెప్పే సెటప్

పెద్ద ఖర్చు అక్కర్లేదు. 8 టీబీ డిస్క్ ఒకటి కొనే బదులు 4 టీబీవి రెండు కొనండి. ఒకటి సర్వర్‌లో, ఒకటి బ్యాకప్‌కి. రెయిడ్ తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో ఫోటో సర్వర్ ఒకరోజు ఆగితే కొంపలేం మునిగిపోవు, ఫోటోలు పోతే మునిగినట్టే. కాబట్టి రెండు డిస్కులే కొనగలిగితే రెయిడ్ కన్నా బ్యాకప్‌కే నా ఓటు.

ఉత్త ఆర్‌సింక్ కాకుండా రెస్టిక్ లేదా బోర్గ్ వాడండి. ఇవి పాత వెర్షన్లు కూడా ఉంచుతాయి. ఒక ఫైల్ నెల కిందట పాడైందని ఇవాళ తెలిసినా అప్పటి కాపీ దొరుకుతుంది. మారిన భాగం మాత్రమే దాస్తాయి కాబట్టి స్థలం కూడా కలిసొస్తుంది. ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, అది మంచిదే కానీ పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ పోయినట్టే. పాస్‌వర్డ్ ఆ సర్వర్‌లోనే దాస్తే ఏం లాభం? కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. ఫోటో యాప్‌ల డేటాబేస్‌ని నడుస్తుండగా ఫైల్ కాపీ చేస్తే పనికిరాకుండా పోవచ్చు. ముందు డంప్ తీసి, ఆ డంప్‌ని బ్యాకప్‌లో కలపండి.

మూడో కాపీ ఇల్లు దాటాలి. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇదే: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. మనకి తేలికైన దారి ఒక యూఎస్‌బీ డిస్క్. మీరు హైదరాబాద్‌లో ఉండి అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే, పండక్కి వెళ్లినప్పుడల్లా ఒక డిస్క్ అక్కడ పెట్టి, అక్కడున్న పాతది తెచ్చుకోండి. సంక్రాంతికి ఒకటి, దసరాకి ఒకటి. ప్లగ్ తీసి బీరువాలో ఉన్న డిస్క్‌ని ఏ హ్యాకరూ ముట్టుకోలేడు.

ఇంటర్నెట్ మీద పంపుదాం అనుకుంటే ముందు లెక్క వేసుకోండి. 1 టీబీ డేటా 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఆగకుండా వెళ్లినా దాదాపు 44 గంటలు పడుతుంది. వెనక్కి తెచ్చుకునేటప్పుడూ అదే కథ. మొదటి కాపీ డిస్క్ మీద తీసుకెళ్లి, తర్వాత రోజువారీ మార్పులు మాత్రం నెట్‌లో పంపడం తెలివైన పని.

కరెంట్ సంగతి మర్చిపోకండి. ఇన్వర్టర్‌కి మారే ఆ చిన్న గ్యాప్‌లోనే చాలా పీసీలు రీస్టార్ట్ అవుతాయి. రాస్తున్న డిస్క్‌కి అది మంచిది కాదు. యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కి కబురు పంపే చిన్న యూపీఎస్ పెడితే, నట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ బ్యాటరీ తగ్గగానే సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది రిస్టోర్ పరీక్ష. మూడు నెలలకోసారి, కళ్లు మూసుకుని ఒక ఫోల్డర్ ఎంచుకోండి. దాన్ని సర్వర్‌లోకి కాకుండా వేరే ల్యాప్‌టాప్‌లోకి రిస్టోర్ చేయండి. ఫోటోలు ఓపెన్ అవుతున్నాయా, వీడియో చివరిదాకా నడుస్తుందా చూడండి. ఎంత టైమ్ పట్టిందో రాసుకోండి. సంవత్సరానికోసారి, సర్వర్ కాలిపోయింది అనుకుని మొత్తం సెటప్‌ని ఖాళీ మెషిన్ మీద మళ్లీ నిలబెట్టండి. ఆరోజు తెలుస్తుంది కాన్ఫిగ్ ఫైళ్లు బ్యాకప్‌లో లేవని, పాస్‌వర్డ్ ఎక్కడో రాసుకోలేదని. నిజంగా కాలిపోయిన రోజు తెలియడం కన్నా ఆదివారం మధ్యాహ్నం తెలియడం నయం కదా.

"ఇంత కష్టం ఎందుకు, క్లౌడ్ ఉందిగా?"

న్యాయమైన ప్రశ్నే. ఈ పనులు చేయలేనివాళ్లకి నేను నిజంగానే క్లౌడే చెబుతాను. అక్కడ డిస్క్ మార్చే తలనొప్పి వాళ్లది. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. గూగుల్ ఫోటోస్ సింక్, బ్యాకప్ అని పిలిచినా సరే. ఫోన్‌లో యాప్‌లోంచి ఫోటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో 60 రోజులు ఉండి మాయమవుతుంది. అకౌంట్ లాక్ అయితే మాట్లాడ్డానికి మనిషి దొరకడం కష్టం. కాబట్టి క్లౌడ్ వాడేవాళ్లు కూడా సంవత్సరానికోసారి టేకౌట్‌తో మొత్తం దింపి ఒక డిస్క్‌లో పెట్టుకోవాలి. సూత్రం ఒకటే, ఒక్క చోట ఉన్న డేటా మీది కాదు.

"రెండు డిస్కులకి డబ్బెక్కడిది?" అనేవాళ్లకి నా ప్రశ్న: మీ దగ్గరున్న డేటా అంతా అంత విలువైనదేనా? డౌన్‌లోడ్ చేసిన సినిమాలు, ఓఎస్ ఇమేజ్‌లు పోతే పోనివ్వండి. చాలా ఇళ్లలో మళ్లీ దొరకనిది వెతికి చూస్తే 500 జీబీ కూడా ఉండదు. దానికి ఒక చిన్న పోర్టబుల్ డిస్క్ చాలు. సర్వర్ మొత్తానికి బ్యాకప్ తీయలేం అని అసలు తీయకపోవడమే పెద్ద తప్పు.

రివ్యూలు కూడా మారాలి

ఇందులో మా రివ్యూయర్ల బాధ్యత కూడా ఉంది. నాస్ బాక్స్ రివ్యూ అంటే ట్రాన్స్‌ఫర్ స్పీడ్ గ్రాఫ్ ఒకటి పెట్టి స్టార్లు ఇచ్చేయడం సరిపోదు. నడుస్తుండగా ఒక డిస్క్ లాగేస్తే బాక్స్ ఎలా చెబుతుంది? రీబిల్డ్‌కి ఎన్ని గంటలు? బాక్సే చచ్చిపోతే ఆ డిస్కులని మామూలు లినక్స్ పీసీకి తగిలించి చదవగలమా, లేక అదే కంపెనీ బాక్స్ ఇంకోటి కొనాలా? సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఎన్నేళ్లు ఇస్తారు? మై బుక్ లైవ్ కథ తర్వాత చివరి ప్రశ్న అడగకుండా ఎవరూ నాస్ కొనకూడదు. ఈ నాలుగింటికీ జవాబు లేని రివ్యూ నా దృష్టిలో సగం రివ్యూనే.

కంపెనీలు మూడేళ్లు, ఐదేళ్లు వారంటీ అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేస్తాయి. డిస్క్ పోతే వారంటీ కింద కొత్తది ఇస్తారు, నిజమే. ఖాళీది ఇస్తారు.

కాబట్టి సర్వర్ పెట్టండి, సరదాగా నేర్చుకోండి, క్లౌడ్ బిల్లు ఆదా చేసుకోండి. ఇప్పటికే పెట్టినవాళ్లు ఈ రాత్రి రెండు పనులు చేయండి. స్మార్ట్‌సీటీఎల్ నడిపి 5, 187, 188, 197, 198 ఎదురుగా ఉన్న అంకెలు చూడండి. తర్వాత బ్యాకప్‌లోంచి ఒక్క ఫోటో వెనక్కి తెచ్చి ఓపెన్ చేయండి. అది ఓపెన్ అయితే నిశ్చింతగా పడుకోవచ్చు. అవ్వకపోతే ఇవాళే తెలిసింది, డిస్క్ ఇంకా బతికే ఉంది, రేపు పొద్దున్నే బాగుచేసుకోవచ్చు.